నీడన ఎండిన నావ

రేపల్లె స్టేషన్లో తెనాలి బండి ఏడింటికి అంటే, శ్రీమన్నారాయణ తాత ఐదింటికే ప్లాట్‌ఫారం మీద ఉంటాడు. బండి ముందే వచ్చి వెళ్లిపోతే ఎలా అని ఆయన అనుమానం. డెబ్భై ఆరేళ్ల బతుకులో ఏ బండీ ఆయన్ని వదిలేసి ముందు వెళ్లిపోయింది లేదు. ఆ మాట గుర్తుచేస్తే, ఇన్నాళ్లూ పోలేదు గనకే ఇవాళ పోవచ్చని అంటాడు. చంకలో గొడుగు ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలో కూడా ఉంటుంది, కానీ విప్పడు. ఎండకి విప్పితే గుడ్డ వెలిసిపోయి వానకి పనికిరాకుండా పోతుందట.

చేతిసంచిలో రెండు టార్చిలైట్లు. మూడోది అడవులదీవిలోని ఇంట్లో చూరుకి వేలాడుతుంది, ఆ రెండూ కనబడకపోతే వెతుక్కోవడానికి. నడుం దగ్గర లుంగీ మడతలో బారెడు నైలాన్ తాడు. బాపట్లలో కంటి ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు సొంత దిండు, సొంత చెంబు, దోమతెర, దాన్ని కట్టుకోవడానికి నాలుగు మేకులు, వాటిని కొట్టుకోవడానికి సుత్తి పట్టుకెళ్లాడు. నర్సమ్మ సుత్తి లాక్కుని, ఇక్కడేమన్నా ఇల్లు కట్టుకుంటావా తాతా అని అడిగింది. డిశ్చార్జి అయ్యేటప్పుడు సుత్తి తిరిగి ఇచ్చారో లేదో ఆయన మూడుసార్లు చూసుకున్నాడు.

తెనాలిలో చుట్టాల పెళ్లికి వెళ్తే జేబులో ఉప్పు పొట్లం. పాతికేళ్ల కింద ఒక పెళ్లిలో పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయారు. ఆ బంతిలో ఉన్నవాళ్లందరికీ తాత పొట్లమే దిక్కయింది. ఆ తరవాత తిన్న పెళ్లిభోజనాలన్నిటిలోనూ ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా ఆ ఒక్క బంతి కథ చెప్పి ఆయన పొట్లాన్ని ఇప్పటికీ మోస్తున్నాడు. మనవలు ఆయనకి 'రెండో టార్చి తాత' అని పేరు పెట్టారు. ఆయన వినబడనట్టు ఉంటాడు. వినబడుతుంది.

ఇదంతా పుట్టుకతో వచ్చింది కాదు. పంతొమ్మిదేళ్ల వయసులో ఇంకొకరి నావ మీద వేటకి పోయినప్పుడు సముద్రంలో చుక్కాని కట్టు తెగింది. మళ్లీ కట్టడానికి బారెడు తాడు కావాలి. నావలో లేదు. వల తాడు కోద్దామంటే ఆ నావ పెద్ద ఒప్పుకోలేదు. ఒప్పుకునేసరికి చుక్కాని నీళ్లపాలైంది. రెండు పగళ్లు గాలి ఎటు తోస్తే అటు పోయారు. తెరచాపలో పడ్డ వాననీళ్లు తాగారు. మూడో పగలు వేరే నావ వాళ్లు చూసి లాక్కొచ్చారు. ఎవరూ చావలేదు కాబట్టి ఊళ్లో అందరూ ఆ సంగతి మరిచిపోయారు. తాత ఒడ్డుకు దిగి అన్నం కూడా తినకుండా బజారుకి పోయి తాడు కొనుక్కున్నాడు. అప్పటి నుంచీ అలాంటి తాడు ఆయన నడుం వదిలింది లేదు. చివికితే కొత్తది వచ్చింది, అంతే.

నలభై దాటాక సొంత నావ చేయించాడు. టేకు పలకలు, తుమ్మ వాసాలు. వడ్రంగి పక్కనే నాలుగు నెలలు కూర్చుని ఒక్కో మేకుకీ వంక పెట్టాడు. చివరికి ఆ వడ్రంగి, మీరే కొట్టండి మావా, నేను చూసి నేర్చుకుంటాను అని సుత్తి కింద పడేశాడని చెబుతారు. అయితేనేం, ఆ నావ ఇరవై ఏడేళ్లు నడిచింది. దాని మీద తెచ్చిన చేపల్ని తాత భార్య కోటమ్మ ఉప్పు పట్టించి, ఇసకలో ఎండబెట్టి, బుట్టలకెత్తి, రేపల్లెలో బండెక్కి తెనాలి మార్కెట్లో అమ్మింది. కోటమ్మ కూడా ఆ బండికే వెళ్లేది, కానీ ఐదింటికి కాదు. ఏడింటికి రెండు నిమిషాలుండగా బుట్ట నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ వచ్చి ఎక్కేది. ఆమెనీ ఏ బండీ వదిలి పోలేదు.

తరవాత కొడుకు రమేష్ బాబు ఫైబర్ బోటు, ఇంజను తెచ్చాడు. చెక్క నావతో పని లేకపోయింది. అమ్మేద్దామన్నాడు కొడుకు. తాత ఊరుకోలేదు. ఇంజను ఎప్పుడైనా ఆగిపోవచ్చు, డీజిలు దొరక్కపోవచ్చు, ఏదైనా రావచ్చు. అది వచ్చిన రోజున నావ సిద్ధంగా ఉండాలి. ఇంటి వెనక దొడ్లో తాటాకు పాక వేయించి, నావని తాటి మొద్దుల మీదకెక్కించి, ఎండ పడకుండా మూడు పక్కల తడికలు కట్టించాడు.

ఆ నావకి జరిగిన సేవ ఆ ఇంట్లో మనుషులకి జరగలేదు. వారం వారం గుడ్డతో తుడుపు. ఏడాదికి రెండుసార్లు సొర చేప నూనె పూత. పలకల సందుల్లో పత్తి ఎక్కడైనా వదులైతే తీసి కొత్తది కూరడం. నావలో రెండు తెడ్లు, విరిగితే ఇంకో రెండు. నీళ్లు తోడడానికి రెండు డబ్బాలు. పిల్లలెవరైనా ఆడుకుందామని ఎక్కితే దిగేదాకా కేకలు. అన్నిటికన్నా పెద్ద కట్టడి ఏమిటంటే, నావ మీద చుక్క నీరు పడకూడదు. మంచినీళ్లు తగిలితే చెక్క పుచ్చుతుందని ఆయన వాదన. అబద్ధం కాదు, పుచ్చుతుంది.

అయితే కోటమ్మ చేపలు కడిగే రాయి సరిగ్గా నావకి తూర్పు పక్కనే ఉంది. తడిక లేని పక్క కూడా అదే. నావ రాకముందు నుంచీ ఉంది ఆ రాయి. ఆమె అక్కడే కూర్చుని కడిగి, ఆ ఉప్పునీళ్లు గిన్నెతో ఇలా పక్కకి విసిరేది. అవి వెళ్లి నావ తూర్పు పలకల మీద పడేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దున ఒక తిట్టు, సాయంత్రం ఒక తిట్టు. నువ్వు నావకి శత్రువువి అనేవాడు తాత. నా శత్రువు ఆ నావే, దాన్ని అవతల పారేస్తే దొడ్లో నాకు ఎండబెట్టుకోను చోటు వస్తది అనేది కోటమ్మ. ఆరేళ్లు ఇదే మాట, ఇదే వరస. కోడలు కావేరి వాళ్ల కేకలు వినబడితే టైము చూసుకునేది, గడియారం అక్కరలేకుండా.

రెండేళ్ల కింద, ఏప్రిల్లో సముద్రం వేటకి నిషేధం మొదలైన కొత్తలో మోహనకృష్ణ అనే ఆయన వచ్చాడు. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన రిసార్టుకి మేనేజరు. మంచి మనిషే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. రిసార్టు గేటు దగ్గర పెట్టడానికి పాతకాలం చెక్క నావ కావాలి. దాంట్లో మట్టి నింపి పూలమొక్కలు వేస్తారు, వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. చుట్టుపక్కల తిరిగి చూసినవన్నీ పుచ్చినవే. ఇది మాత్రం నిన్న చేసినట్టుంది. పాకలోకి వచ్చి చూసి, చేత్తో నిమిరి, ఎంత బాగా చూసుకున్నారు బాబాయ్ గారూ అన్నాడు. ఆ ముక్కకి తాత కాఫీ ఇప్పించాడు. మొక్కల మాట వినేసరికి మొహం మాడ్చుకున్నాడు.

రమేష్ బాబుకి మాత్రం ఆశ పుట్టింది. బోటు ఇంజను అప్పటికే ముసలిదై దగ్గుతోంది. మేనేజరు ఇస్తానన్న దాంతో కొత్త ఇంజను వస్తుంది. నాలుగు రోజులు ఇంట్లో అదే గొడవ. నువ్వు రాని కష్టానికి నావ దాచిపెట్టావు నాన్నా, వచ్చిన కష్టం నా ఇంజనుది అన్నాడు కొడుకు. జవాబు లేనప్పుడు తాత పందెం కాస్తాడు.

"నిషేధం అయిపోయిన రోజు పొద్దున నావ ఏట్లో దింపుతా. వంతెన దాకా పోయి తిరిగొస్తా. ఒక్క డబ్బా నీళ్లు తోడను. తోడాల్సొస్తే ఆ రోజే లారీ ఎక్కించుకుపొమ్మను. తోడకుండా వస్తే ఇంక ఈ ఇంట్లో ఎవడూ నావ మాట ఎత్తకూడదు."

కొడుకు సరేనన్నాడు. మేనేజరుకి ఫోన్ చేసి రమ్మన్నాడు. కోటమ్మ ఏటి చేపలు కడుక్కుంటూ ఉంది. నీళ్లు ఎప్పట్లాగే నావ మీద పడ్డాయి, కానీ ఆ రోజు తిట్టు పడలేదు. తాత లోపల నూనె డబ్బా వెతుక్కుంటున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నెలల తరబడి ఒడ్డు మీద ఉన్న చెక్క నావని ఏట్లో దింపేముందు నానబెట్టాలని అడవులదీవిలో చంటిపిల్లకి కూడా తెలుసు. చెక్క ఎండితే పలకలు ముడుచుకుంటాయి, సందులు తెరుచుకుంటాయి. నానితే ఉబ్బి మూసుకుంటాయి. సందుల్లో కూరే పత్తీ, పైన పూసే గుగ్గిలమూ ఆ మీదటి సాయమే. ఈ సంగతి ఊళ్లో కుర్రకారుకి నేర్పినవాడే తాత. తన నావ నడిచిన ఇరవై ఏడేళ్లూ ఒడ్డెక్కించినప్పుడల్లా నాలుగైదు రోజులు ఏట్లో ముంచి ఉంచిన మనిషే. కావేరి అదే గుర్తుచేసింది, నానబెట్టరా మావయ్యా అని. తాత నవ్వాడు. ఎండలో పడేసిన నావలకి కదమ్మా నానబెట్టడం, మనది ఆరేళ్లుగా నీడలో ఉంది, దానికి ఎండ సోకితేగా అన్నాడు. ఆ మాట కోటమ్మ కూడా విన్నది. చేప పొట్ట చీలుస్తూ తలెత్తింది.

"నీడన ఎండితే మాత్రం ఎండుచేప కాదా ఏంటి?"

నావ సంగతి ఆడవాళ్లకేం తెలుసని తాత నూనె పూసుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన బతుకులో ముందుజాగ్రత్త లేకుండా చేసిన పనులు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

జూన్ మధ్యలో నిషేధం ముగిసిన పొద్దున ఏటి ఒడ్డు తిరనాళ్లలా ఉంది. ఫైబర్ బోట్లన్నీ ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్లడానికి ముస్తాబవుతున్నాయి. ఎనిమిది మంది కలిసి తాత నావని తాటి మొద్దుల మీద దొర్లించుకుంటూ తెచ్చి, పోటు సగం వచ్చాక నీళ్లలోకి తోశారు. రమేష్ బాబు ఒడ్డున నిలబడ్డాడు. పక్కన మోహనకృష్ణ, వెనక రోడ్డు మీద ఆయన తెచ్చిన లారీ. తాత చొక్కా ఇస్త్రీది వేసుకున్నాడు. గొడుగు నావలో పెట్టుకున్నాడు. తెడ్డు పట్టుకుని నిలబడితే, ఆ కాసేపు, యాభై ఏళ్లవాడిలా ఉన్నాడని చూసినవాళ్లు చెప్పారు.

పది తెడ్లు వేశాడో లేదో, పాదాలు చల్లబడ్డాయి.

కిందికి చూశాడు. పాకలో పడమటి వైపుండే పలకల సందుల్లోంచి నీళ్లు దారాలు దారాలుగా లోపలికి వస్తున్నాయి. ఒకచోట కాదు, ఆ పక్కంతా. ఆయన కూరిన పత్తి తేలి ఆయన కాళ్ల చుట్టూ తిరుగుతోంది. నీళ్లు తోడడానికి డబ్బాలు రెండున్నాయి, నావ ముక్కు దగ్గర బోర్లించి, శుభ్రంగా. తోడకూడదని షరతు పెట్టింది ఆయనే. ఒడ్డున ఎవరో నవ్వారు, ఇంకెవరో నవ్వినవాణ్ణి తిట్టారు. తాత తెడ్డు ఆపలేదు. వంతెన దాకా పోలేకపోయాడు. సగం దూరంలో నావని తిప్పేసరికి నీళ్లు పిక్కల పైకొచ్చాయి, నావ పడమటి పక్కకి ఒరిగిపోయింది. ఆ ఒరిగిన నావనే అలాగే నెమ్మదిగా ఒడ్డుకి తెచ్చాడు. నడుం దగ్గర తాడు తీసి కొయ్యకి కట్టాడు. అంత అవమానంలోనూ ముడి సరిగ్గా వేశాడు.

"తీసుకుపోండి మేనేజరు గారూ," అన్నాడు. "మాటంటే మాటే."

రమేష్ బాబు తల దించుకున్నాడు. గెలిచినవాడిలా లేడు. లారీ కుర్రాళ్లు తాళ్లు తీసుకుని దిగారు.

అప్పుడు కోటమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి నీళ్లలోకి దిగింది. అంతవరకు ఆమె బుట్ట పక్కన పెట్టుకుని ఒడ్డునే కూర్చుని ఉంది. నావలోకి వంగి తూర్పు పలకల మీద, పైనుంచి నీటిమట్టం దాకా అరచెయ్యి పెట్టి తడిమింది. ఇంకోసారి తడిమింది. ఆ చెయ్యి తీసి మేనేజరుకి చూపించింది.

"ఈ పక్క పొడిగా ఉంది బాబూ. ఒక్క చుక్క కారలేదు."

మోహనకృష్ణ వచ్చి చూశాడు. తరవాత రమేష్ బాబు చూశాడు. నిజమే. పడమటి పక్క జల్లెడ, తూర్పు పక్క కుండ. ఒక్క నావే, ఒక్క చెక్కే, ఒక్క వడ్రంగే.

"కారింది ఆయన చూసుకున్న పక్క. అది ఇస్తానన్నాడు, తీసుకుపొండి. ఇది నా పక్క. ఆరేళ్లు తిట్లు తింటా తడిపాను, నా సగం నేనివ్వను."

మోహనకృష్ణకి నవ్వాలో వద్దో తెలియలేదు. "సగం నావ నేనేం చేసుకుంటానండి పిన్నిగారూ?"

"అది మీ ఇష్టం బాబూ. కోసుకుపోతానంటే రంపం ఆయన దగ్గరుంది. రెండున్నాయి."

ఒడ్డంతా నవ్వింది. లారీ కుర్రాళ్లు తాళ్లు భుజాన వేసుకుని ఎటు చూడాలో తెలియక సముద్రం వైపు చూశారు. రమేష్ బాబు తల్లి దగ్గరకొచ్చి మెల్లగా, ఆ నావ తీసేస్తే దొడ్డి ఖాళీ అవుతుందని నువ్వే కదమ్మా అన్నావు, ఇంజను సంగతేంటి మరి అని అడిగాడు. అన్నాను, కాదనను, ఇంజనుకి ఇంకో దారి ఉంటది, ముందా దగ్గే దాన్ని మేస్త్రీకి చూపించు అంది కోటమ్మ. ఆరేళ్లు అవతల పారేయమన్న నావని ఆ రోజెందుకు ఆపిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడిగితే చేపలు పాడైపోతున్నాయి లేవండి అనేది.

తాత ఈ మాటలేవీ విన్నట్టు లేడు. నావలోకి ఎక్కి తూర్పు పలకల మీద ఆమె పెట్టినచోటే చెయ్యి పెట్టి ఒక్కో పలకా తడుముకుంటూ పోయాడు. చివరికి లేచి భార్య వైపు చూశాడు.

"నీళ్లు ఉప్పువేనా?"

"చేపలు కడిగినవి. ఉప్పు కాక పంచదారా?"

ఆయన తలాడించాడు. చెక్కకి ఉప్పునీళ్లు పడ్డాయి కాబట్టి పుచ్చలేదు, రోజూ పడ్డాయి కాబట్టి ఎండలేదు. లెక్క సరిపోయింది. ఆయన తప్పు ఒప్పుకోవడం అంటే అంతే, ఇంతకు మించి ఆశించకూడదు.

మేనేజరు ఖాళీ లారీతో వెళ్లాడు. పోతూ పోతూ కోటమ్మ దగ్గర ఎండు రొయ్యలు కొనుక్కున్నాడు. ఆ మధ్యాహ్నమే తాత నావలో ఇసక మూటలు వేయించి, ఏట్లో అంచు దాకా ముంచాడు. ఐదు రోజులు ఒడ్డున కాపలా కూర్చున్నాడు. మునిగిన నావని ఎవరెత్తుకుపోతారని అడిగితే, అడగొద్దన్నాడు. మూడో రోజు ఎండ తట్టుకోలేక, పెళ్లానికి కనబడకుండా గొడుగు విప్పాడు. ఎన్నేళ్లుగా మడిచి ఉందో ఏమో, మడత మడతకీ గుడ్డ చిరిగి చీలికలుగా వేలాడింది. దాన్నలాగే నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి కనిపెట్టింది మనవలు. ఇంటికెళ్లి చెప్పిందీ వాళ్లే.

ఆరో రోజు మూటలు తీసి, ఇంటి బకెట్టుతో నీళ్లు తోడి, వంతెన దాకా పోయి వచ్చాడు. డబ్బాలు రెండూ పొడిగా తిరిగొచ్చాయి. ఒడ్డున ఎవరూ లేరు. అందరూ వేటకి పోయారు. కోటమ్మ ఒక్కతే చూసింది. చూసి, వంతెన దాకానేగా, సముద్రం దాకా పోయొచ్చినట్టు ఆ మొహమేంటి అంది.

ఆ నావ ఇప్పుడు పాకలో ఉండదు. ఏట్లోనే కట్టి ఉంటుంది. వారంలో మూడు రోజులు తాత దాని మీద పీతల వల వేసుకొస్తాడు. రమేష్ బాబు ఇంజను మేస్త్రీ చేతిలో రెండుసార్లు పడి లేచింది, దగ్గు తగ్గలేదు కానీ నడుస్తోంది. అది మొరాయించిన ఒక వారం అతనూ ఆ నావ మీదే పోయాడు. తాత ఏమీ అనలేదు. అనలేదన్న సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసేలా చూసుకున్నాడు.

మోహనకృష్ణకి పిట్టలవానిపాలెం వైపు ఇంకో నావ దొరికింది. కిందటి చలికాలంలో కంటి పరీక్షకి బాపట్ల వెళ్లిన తాత, ఆటో మాట్లాడుకుని మరీ పోయి దాన్ని చూసొచ్చాడు. మేనేజరు మర్యాదగా దగ్గరుండి చూపించాడు. బంతిపూలు బాగానే పూశాయట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక, అడుగు పలకకి కన్నాలు పెట్టారే అన్నాడు. మొక్కలకి పోసిన నీళ్లు పోవాలి కదా అన్నాడు కొడుకు. నీళ్లు బయటికి పోవాలని నావకి కన్నాలు అని తాత మళ్లీ అనుకుని, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మొన్నటి నిషేధంలో నావని నూనె పూతకి దొడ్లోకి తెచ్చారు. పాక మీద తాటాకు మళ్లీ వేయించలేదు. ఇప్పుడు గొడుగు కూడా కొత్తది, నెలకోసారి విప్పి ఆరేస్తాడు, ఎండలో కాదు. రేపల్లె స్టేషన్‌కి ఇంకా ఐదింటికే పోతున్నాడు. అన్నీ ఒక్కసారిగా మారవు.

నావ దొడ్లో ఉన్న రోజుల్లో, చేపలు కడిగే వేళకి తాత ఒక గిన్నె పట్టుకుని వచ్చి రాయి పక్కన నిలబడతాడు. కోటమ్మ కడిగిన నీళ్లు సగం తన పక్కకి విసిరి, సగం ఆయన గిన్నెలో పోస్తుంది. ఆయన నావ చుట్టూ తిరిగి పడమటి పక్కకి పోయి, పలక పలకకీ సమానంగా పోస్తాడు. ఆమెకి అర నిమిషం పట్టే పని ఆయనకి పావుగంట పడుతుంది.

"పోశావా?" అంటుంది కోటమ్మ ఇవతల నుంచి.

"పోశాను. నీ పక్క ఆ చివర తడవలేదు."

"నా పక్క సంగతి నీకెందుకు? నీ పక్క నువ్వు చూసుకో."

గిన్నె అడుగున మిగిలిన నీళ్లు ఆయన పారబోయడు. రేపటికి ఉంటాయని మూత పెడతాడు.